ఓటు లేనివాడు రాసిన నినాదం

నినాదాల్ని వెక్కిరించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయ్యా, ఈ కాలం మనిషికి దొరికిన అసలైన వరం నినాదం! ఆలోచించడమనే బండచాకిరీని మన నెత్తిమీంచి దించేసింది. అభ్యర్థికి చదువుందా, బుద్ధుందా అని ఎవరు కనుక్కుంటారండీ ఈ రోజుల్లో? నాలుగు మాటలు చెవికింపుగా ఉంటే చాలు, ఓటు పడిపోతుంది!

సైన్యం వాళ్లు ఇంకా గట్టివాళ్లు. పోస్టర్‌లోంచి వేలు చూపించి 'నువ్వే కావాలి' అంటారు. ఇరవయ్యేళ్లుగా వీసా పొడిగించుకుంటూ బతుకుతున్న నన్ను ఈ అమెరికా దేశంలో 'నువ్వే కావాలి' అన్నది ఇంతవరకూ ఆ పోస్టరొక్కటే! మా ఊరు చాండ్లర్‌లో ఒక మాల్‌లో దాని ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాను. మా ఆవిడ పద్మజ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఈ విద్యలో నేనూ ఘటికుణ్ణే సుమండీ. మొన్న మా సిటీ కౌన్సిల్‌కి ఈశ్వరయ్యగారు పోటీ చేశారు. ప్రచారమంతా మా తెలుగువాళ్లదే. ఇళ్ల ముందు యార్డ్ సైన్లు పాతేవాడికి ఓటు లేదు, తలుపులు తట్టేవాడికి ఓటు లేదు, బిర్యానీ ట్రేలు మోసేవాడికి ఓటు లేదు. నినాదాలు రాసే నాకు అసలే లేదు. ఓటు లేనివాడికున్నంత దేశభక్తి ఉన్నవాడికి ఎక్కడిది చెప్పండి!

నేను రాసిందేమిటంటారా? 'ఈ దేశం మనకిచ్చింది. ఇక మనం తిరిగిద్దాం!' టీషర్టుల మీదా అదే, కార్ల వెనకా అదే, వాట్సాప్ డీపీల్లోనూ అదే. ఈశ్వరయ్యగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"గుండెల్లోంచి వచ్చిందండీ ఈ మాట!" అన్నారు.

నిజానికది ఆఫీస్ మీటింగ్‌లో నేను మ్యూట్‌లో ఉన్నప్పుడు వచ్చింది. తిరిగివ్వడమంటే నా ఉద్దేశం ఒక ఓటు. మరీ తప్పకపోతే ఒక రక్తదాన శిబిరం, ఫొటోతో సహా.

ఈశ్వరయ్యగారు ఓడిపోయారు. నినాదం మాత్రం మా ఇంట్లోనే గెలిచింది.

మా అమ్మాయి భవిత ఇక్కడే పుట్టిన పిల్ల. పద్దెనిమిది నిండాయి, మంచి కాలేజీలో సీటొచ్చింది. మొన్న పప్పన్నం కలుపుకుంటూ చల్లగా చెప్పింది.

"డాడీ, నేను ఆర్మీలో జాయిన్ అవుతున్నా. ఫ్రైడే ఓత్ తీసుకుంటా. నువ్వు, అమ్మ రావాలి."

పద్మజ దాన్ని వదిలేసి నా వైపు చూసింది. నేను చాలా స్థిమితంగా అరిచాను.

"ఏ రిక్రూటర్ నీ బుర్ర పాడుచేశాడే? వాళ్ల స్లోగన్లు నమ్ముతారా ఎవరైనా? అవన్నీ ఉత్త మాటలు తల్లీ!"

"వాళ్లది కాదు డాడీ, నీది. సమ్మర్ అంతా నీతో డోర్స్ నాక్ చేశా కదా. ప్రతి ఇంట్లో అదే చెప్పా. చెప్పీ చెప్పీ, ఇట్స్ ట్రూ అనిపించింది."

"అది ఓట్ల కోసం రాశానే! నీ కోసం కాదు!"

భవిత కంచం పక్కకి జరిపింది. కోపమేమీ లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"మరి ఎవరి పిల్లల కోసం రాశావ్ డాడీ?"

నినాదాలు వరమేనండీ, ఇప్పటికీ కాదనను. కాకపోతే వాటిని పక్కింటి పిల్లలే నమ్మాలి. సొంత పిల్లలు నమ్మితే ఎంత అన్యాయం!

'వెళ్లకు తల్లీ, నాకు భయంగా ఉంది' అని చెబుదామని రెండు రోజులు దాని గది ముందు తచ్చాడాను. గురువారం సాయంత్రం ధైర్యం చేసి లోపలికి వెళ్లాను. అది షూ లేసులు కట్టుకుంటూ తలెత్తింది. తీరా నోరు తెరిచేసరికి, "నిన్ను చూసి గర్వపడుతున్నాం!" అనే వచ్చింది.

పిచ్చి పిల్ల, అదీ నమ్మేసింది. పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.