సామాన్ల దగ్గర ఎవరు?

ఒక కుటుంబం విహారయాత్రకు బయలుదేరాలంటే ముందు ఆ ఇంట్లో ఒక ప్రభుత్వం ఏర్పడాలి. ప్రభుత్వం లేకుండా బయలుదేరి సుఖంగా తిరిగొచ్చినవాళ్ళు కూడా ఉన్నారని వినికిడి. అలాంటివాళ్ళను ఎవరూ కుటుంబం అనరు.

విజయవాడ పటమటలో మా ఇంట్లో ఈ ప్రభుత్వం ఏటా ఎండలతో పాటే వస్తుంది. అధ్యక్షుడు మా అబ్బాయి యేసుకుమార్. కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తనకు సెలవు ఎప్పుడిస్తారో తనకే తెలియదు కనుక తేదీల శాఖ అతని దగ్గర ఉంది. తక్కిన శాఖలన్నీ మా కోడలు స్టెల్లావి. ప్రతిపక్షం మా మనవరాలు సింధూరి, ఐదో తరగతి. నేను పామర్రు హైస్కూలుతో చదువు ముగించినవాణ్ణి కనుక నన్ను గౌరవ సభ్యుడిగా ఉంచారు. ‘సమ్మర్ టూర్ ఫైనల్’ అని వాట్సాప్‌లో గ్రూపు పెట్టి అందులో చేర్చారు. ఆ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు. (నేను చదివినట్టు టిక్కులు నీలంగా మారితే చాలట. అదే నా ఓటు.)

మా రాజ్యాంగానికి ఆధారం చరిత్ర–వినోద సమానత్వ సూత్రం. పార్కు చూపిస్తే దానికి సమానంగా చరిత్ర చూపించాలి, లేకపోతే పిల్ల చదువు చెడుతుంది. చరిత్ర చూపిస్తే దానికి సమానంగా పార్కు చూపించాలి, లేకపోతే పిల్లే చెడుతుంది. మారకం రేటు సింధూరి నిర్ణయిస్తుంది. ఒక బౌద్ధ స్తూపానికి రెండు వాటర్ స్లైడ్లు. మెట్లున్న కోటకు మూడు, అలల కొలను అదనం. బందరులో డచ్చివాళ్ళ సమాధులకు అర స్లైడు. చుట్టుపక్కల ఐస్‌క్రీమ్ దొరకకపోతే ఏ రాజవంశానికైనా విలువ సగానికి పడిపోతుంది.

మొదటి ముసాయిదాలో హంపీ ఉంది, దానికి జోడీగా బెంగళూరులో ఒక పార్కు ఉంది. కాలేజీవాళ్ళు సెలవు కోశారు. రెండో ముసాయిదా గోల్కొండకు తగ్గింది. కాలేజీలో ఏదో ర్యాంకుల బ్యాచ్ మొదలైంది. సెలవు తగ్గినకొద్దీ భారతదేశ చరిత్ర మా ఇంటి వైపు జరుగుతూ వచ్చింది. చివరికి ఆమోదం పొందిన యాత్ర ఇది. మొదటి రోజు హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే పక్కన కొత్తగా పెట్టిన జలసామ్రాజ్యం అనే పార్కు. రెండో రోజు కృష్ణకు అవతల ఉండవల్లి గుహలు. గుహలకు మా వీధి చివర ఆటో ఎక్కి కూడా వెళ్ళవచ్చు. అయినా వ్యాను మాట్లాడారు. ఆటోలో వెళ్తే దాన్ని టూర్ అని స్టేటస్ పెట్టుకోలేరు.

ఇంతవరకు అన్ని ప్రభుత్వాలూ వస్తాయి. అవి పడిపోయేది దీని తరవాతి ప్రశ్న దగ్గర. సామాన్ల దగ్గర ఎవరు?

పార్కుల్లో లాకర్లుంటాయి. స్టెల్లా వాటిని గుర్తించదు. పక్కన మనిషి ఉన్నంతసేపే అది సంచి, మనిషి లేస్తే పోయిన సంచి అని ఆమె సిద్ధాంతం. అందుచేత మా ఇంట్లో సామాన్ల సంరక్షణాధికారి అని ఒక శాశ్వత పోస్టుంది. అభ్యర్థికి అరవై దాటి ఉండాలి. ఏదైనా చూడాలన్న కోరిక ఉండకూడదు. నీళ్ళు తాగకూడదు. (తాగితే మళ్ళీ లేవాల్సి వస్తుంది.)

ఈ పోస్టులో మా ఆవిడ మార్తమ్మ జీవితాంతం పనిచేసింది. కొండపల్లి ఖిల్లా కింద బొమ్మల కొట్టు అరుగు మీద కూర్చుంది. బందరు బీచిలో చెప్పుల కుప్ప పక్కన కూర్చుంది. ఉండవల్లిలో గుహల ముందు గడ్డి మీద ఎన్నిసార్లు కూర్చుందో చెప్పలేను, ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళం. ఆమె హయాంలో ఒక్క చెప్పు కూడా పోలేదు. పైనుంచి దిగినవాళ్ళను ప్రతిసారీ ఒకటే అడిగేది, “పైన ఏముంది?” అని. వాళ్ళూ ప్రతిసారీ ఒకటే చెప్పేవాళ్ళు, “ఏముంది, రాళ్ళు” అని. ఆమె తల ఊపి మంచినీళ్ళ సీసా అందించేది. (నేను పైకి వెళ్ళేవాణ్ణి కాను. డ్రైవరుతో టీ తాగే పోస్టు నాది.)

రెండేళ్ళ కిందట మార్తమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూటంలో ఆమె భక్తిని పొగిడారు, వంటను పొగిడారు. చెప్పుల సంగతి ఎవరూ ఎత్తలేదు. పోస్టు ఖాళీ అయిందని మాత్రం అందరికీ గుర్తుంది.

ఈసారి నాకు ఉండవల్లి పైకెక్కి అక్కడ ఏముందో చూడాలనిపించింది. ఎందుకని ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.

ఖాళీకి అభ్యర్థులం ఇద్దరం. రెండో అభ్యర్థి మా వియ్యపురాలు వెంకటరత్నమ్మగారు. హనుమాన్ జంక్షన్‌లో కుట్టుమిషన్ తొక్కి స్టెల్లాను చదివించిన మనిషి. లోకంలో ఉద్యోగం కోసం పోటీ పడేవాళ్ళు తమ అర్హతలు చెప్పుకుంటారు. మేం ఫోన్లో ఒకరి అర్హతలు ఒకరం చెప్పుకున్నాం.

“మీకు గుండెలో స్టెంటు ఉంది కదండీ అన్నయ్యగారూ. హాయిగా నీడపట్టున కూర్చోండి” అన్నారావిడ.

“మీ మోకాళ్ళ ముందు నా గుండె ఏపాటిది చెల్లెమ్మగారూ” అన్నాను.

ఒకరి ఆరోగ్యం గురించి ఒకరం అంత శ్రద్ధ చూపించడం పిల్లల పెళ్ళప్పుడు కూడా జరగలేదు.

ఇక ప్రయాణ ప్రార్థన. మా ఇళ్ళల్లో వ్యాను కదలాలంటే డీజిలు కంటే ముందు ఇది పడాలి. బయలుదేరే ముందటి సాయంత్రం పాస్టరు జాన్‌బాబు అయ్యగారు వచ్చారు. వెంకటరత్నమ్మగారు ఫోన్ స్పీకరులో హాజరయ్యారు. ఇక్కడ ఒక రాజ్యాంగ సూక్ష్మం చెప్పాలి. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాక అభ్యంతరం చెప్పే వీలు లేదు. చివర అందరూ ఆమేన్ అనాలి. ఆమేన్ అన్న తీర్మానాన్ని సవరించే అధికారం ఇంటి ప్రభుత్వానికి లేదు. ఈ సూక్ష్మం నాకొక్కడికే తెలుసనుకుని, నేను ముందుగానే అయ్యగారిని కలిసి నా ప్రార్థన అవసరత చెప్పుకున్నాను. నాలాగే అందరూ విడివిడిగా వెళ్ళి చెప్పుకున్నారని ప్రార్థన మొదలయ్యాక తెలిసింది.

అయ్యగారు ఎవరినీ తక్కువ చేసే మనిషి కారు. యేసుకుమార్ కాలేజీవాళ్ళ ఫోను రెండు రోజులు మూగబోవాలని వేడుకున్నారు. పెద్ద స్లైడు ఎక్కడానికి సింధూరికి కావలసిన ఎత్తును తెల్లారేలోగా దయచేయమన్నారు. గుహల దగ్గర ఎండ ముదిరి, అందరూ త్వరగా ఇంటికి చేరే బుద్ధి పుట్టాలన్నారు. (ఇది స్టెల్లా అవసరత.) తరవాత, “వృద్ధురాలైన మా సహోదరి నీళ్ళలో జారే కోరికను...” అని ఎత్తుకున్నారు.

“వృద్ధురాలు అనొద్దని చెప్పానండీ” అని ఫోన్లోంచి వినిపించింది.

“నడివయసు సహోదరి” అని అయ్యగారు కళ్ళు తెరవకుండానే సవరించారు. ఆ వెంటనే, ఈ సహోదరునికి ఉండవల్లి మెట్లెక్కే బలం దయచేయమన్నారు. స్టెల్లా ఒక కన్ను తెరిచింది. నాదీ ఒకటి తెరిచే ఉంది కనుక చూశాను.

అప్పటికి అయ్యగారికి లెక్క అర్థమైంది. సామాన్ల దగ్గర మనిషి మిగలలేదు. ఆయన గొంతు పెంచి, “తండ్రీ, వీరి సామాన్లకు మీ దూతలను కావలి ఉంచండి” అన్నారు. అందరం ఆమేన్ అన్నాం.

ఆ విధంగా మా ఇంటి పోస్టులో దేవదూతలు నియమితులయ్యారు. దూతల మీద నమ్మకం లేదని పైకి చెప్పే ధైర్యం స్టెల్లాకు లేదు. వాళ్ళు సంచి పక్కన కనిపించరన్న దిగులు మాత్రం ముఖంలో కనిపించింది.

జలసామ్రాజ్యం దగ్గర కొలబద్ద పక్కన నిలబెడితే సింధూరి గీత దాటింది. ప్రార్థన ఫలించింది. (నడినెత్తిన స్టెల్లా వేసిన ముడి కొంత తోడ్పడింది.) ఈ సామ్రాజ్యంలో నైలాను దుస్తులు లేనివారికి నీటి పౌరసత్వం లేదు. వెంకటరత్నమ్మగారు చీర మీదే అద్దె ప్యాంటు ఎక్కించి, ఛాంపియన్ అని రాసి ఉన్న చొక్కా తొడుక్కుని వచ్చారు. మెట్ల దగ్గర ఈల మెడలో వేసుకున్న కుర్రవాడు జలభద్రతాధికారి. అరవై దాటినవారికి, గుండెజబ్బువారికి ప్రవేశం లేదన్నాడు. ఆవిడ యాభై ఎనిమిది అన్నారు. అతను చొక్కా మీద అక్షరాలు చదివి పంపించాడు. నా వంతు వచ్చింది. నేను నోరు తెరిచేలోగా నా వెనక నుంచి స్టెల్లా, “మామయ్యగారికి స్టెంటు ఉందండీ” అంది. కుర్రవాడు ఈల ఊదాడు.

కనుక నేను గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాను. కాపలా కూర్చోలేదు. దేవదూతల పక్కన కూర్చున్నాను, అంతే. సంచులు నా కాళ్ళ దగ్గర ఉండటం యాదృచ్ఛికం. స్టెల్లా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అప్పుడప్పుడు ఇటు చూసి చెయ్యి ఊపింది. నాకో దూతలకో తెలియలేదు.

వెంకటరత్నమ్మగారు స్లైడ్లన్నీ ఎక్కారు. ఎక్కినవే మళ్ళీ ఎక్కారు. సింధూరి అలిసిపోయి వచ్చినా ఆవిడ రాలేదు. సాయంత్రం ఈల కుర్రవాడు బతిమాలితే వచ్చి, నీళ్ళు కార్చుకుంటూ నా పక్కన కూలబడ్డారు.

“ఎలా ఉందండీ?” అన్నాను మర్యాదకు.

ఇక్కడే ఆవిడ ఒక పెద్ద తప్పు చేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

“చెబితే నమ్మరు అన్నయ్యగారూ. పైన కూర్చోగానే ప్రాణం పోయిందనుకున్నా. వదిలేశాక చూడండీ, ఒళ్ళు లేదు, మోకాళ్ళు లేవు, గాలిలో ఉన్నా. ఇన్నేళ్ళు మిషన్ తొక్కా. లోకంలో ఇలాంటిదొకటి ఉందని నాకెవరన్నా చెప్పారా? ఒక్కళ్ళు చెప్పలేదండీ.”

ఆ రాత్రి ఆవిడ ఇంట్లో కోడికూర నాకు సహించలేదు.

రెండో రోజు ఉండవల్లిలో వ్యాను ఆగింది. వెంకటరత్నమ్మగారు రెండు చేతులతో తలుపు పట్టుకుని దిగారు. మోకాళ్ళు రెండూ పొంగి ఉన్నాయి. గాలిలో లేకుండా పోయిన మోకాళ్ళు నేల మీద వడ్డీతో సహా తిరిగొచ్చాయి. చెట్ల మీద కోతులున్నాయి. సంచుల వైపు చూస్తున్నాయి. కోతుల విషయంలో దూతల అధికార పరిధి ఎంతవరకో ప్రార్థనలో స్పష్టత లేదు.

స్టెల్లా సంచులన్నీ గడ్డి మీద దించి నా వైపు తిరిగింది. నిన్న మీరు చక్కగా కూర్చున్నారు కదా మామయ్యగారూ, మీకు అలవాటైంది, పైన మెట్లు నిటారుగా ఉంటాయట, అని ఆమె వాదన. యేసుకుమార్ ఫోను చూసుకుంటున్నాడు. (కాలేజీ ఫోను మూగబోలేదు.) నేను ఆమేన్‌ను గుర్తుచేశాను. ఆమేన్ సామాన్లకు వర్తించినా కోతులు వినవని ఆమె అంది. ప్రభుత్వం పడిపోయే ఘడియ వచ్చింది.

ఆ మాటల మధ్యలోనే వెంకటరత్నమ్మగారు వెళ్ళి సంచుల నడుమ చతికిలబడ్డారు. ఒక కర్ర కూడా సంపాదించారు.

“మీరు వెళ్ళండి అన్నయ్యగారూ. నిన్న నా వంతు అయింది. వచ్చాక ఏముందో నాకు చెప్పండి, చాలు.”

ఎక్కాను. మెట్లు స్టెల్లా చెప్పినంత నిటారుగా లేవు.

పైన కొండ లోపల మరో చల్లదనం ఉంది. రాతిని తొలిచి స్తంభాలు నిలబెట్టారు, ఒక అంతస్తు మీద ఒక అంతస్తు. చీకట్లో ఒక దేవుడు పడుకుని ఉన్నాడు. పెద్ద మనిషి. ఈ కొసన నిలబడితే ఆ కొసన పాదాలు. ఎవరో లేపుతారన్న భయం లేని నిద్ర. ఆ దేవుడు మా దేవుడు కాడు, అయినా నేను చెప్పులు విప్పిన కాళ్ళతోనే మరికాసేపు నిలబడ్డాను. సింధూరి ఆయన ఎదుట అదే భంగిమలో నేల మీద పడుకుని, లేవనంది. దీనికి ఎన్ని స్లైడ్లు అని తండ్రి అడిగితే, ఆగు నాన్నా అంది. బయటి వసారాలోకి వస్తే గాలి. ఎదురుగా అరటితోటలు, పచ్చటి పొలాలు, చాలా దూరం. వసారా విశాలంగా ఉంది. నలుగురు మనుషులు, వాళ్ళ సంచులు, వాళ్ళ చెప్పులు, అన్నీ పట్టేటంత చోటు ఉంది.

ఇన్నేళ్ళూ ఇక్కడి నుంచి కిందికి దిగినవాళ్ళెవరికీ కళ్ళు లేకపోలేదు. దిగేటప్పుడు వాళ్ళు వచ్చే ఏటి సామాన్ల గురించి కూడా ఆలోచించుకున్నారు.

దిగాను. వెంకటరత్నమ్మగారు సంచుల మధ్య మోకాళ్ళు చాపుకుని, కర్రతో కోతిని అదిలిస్తున్నారు. సామాన్లన్నీ ఉన్నాయి. ఒక్క చెప్పు కూడా పోలేదు. నాకు మంచినీళ్ళ సీసా అందించారు.

“పైన ఏముంది అన్నయ్యగారూ?”

సీసాలో నీళ్ళన్నీ తాగాను. వచ్చే ఏడు కొండపల్లి అనుకుంటున్నారు.

“ఏముందమ్మా,” అన్నాను, “రాళ్ళు.”