పై అంతస్తు మీద దాడి

ఆ పొద్దున సీతారాములు వేసుకున్న పథకం చిన్నదే. ధర్నాకు బయలుదేరేలోపు కంప్యూటర్‌లో ఒక ఇంటిని పట్టుకోవాలి. అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సు డిపోలో గుమస్తా కాబట్టి ఆయనకూ పనిలేదు, ఎవరింట్లో వాళ్ళుండి ఆటలో ఆయనకు జట్టుగా ఆడే ముగ్గురు తోటి గుమస్తాలకూ లేదు. ఆటలో ఆ నలుగురూ సిపాయిలు. శత్రువులు ఒక మేడ పై అంతస్తులో దాక్కుని ఉంటారు. వారం రోజులుగా మనవాళ్ళు నలుగురూ ఒక్కసారే గేటు తోసుకుని పరుగెత్తడం, నలుగురూ వాకిట్లోనే చావడం. ధైర్యానికి లోటు లేదు, బుర్రకే కొంచెం.

ఆ రోజు సీతారాములుకు జ్ఞానోదయమైంది. కిటికీ పక్కన కూర్చుని, చెవులకు మైకున్న హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎల్బీనగర్ అంతా వినపడేట్టు జట్టుకు చెప్పాడు.

"పై అంతస్తుల ఉన్నోళ్లను ఎల్లగొట్టాలె. సీదా మీదికి పోతే అయితలేదు. ముందుగాల పొగ వెడుదాం. జర ఓపిక వట్టుండ్రి, వాళ్లే ఖాళీ జేస్తరు."

ఆ మాట పాలపాకెట్టు పట్టుకుని మెట్లెక్కుతున్న సూర్యప్రభ చెవిన పడింది. సీతారాములు ఇంటి పై అంతస్తులో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నది ఆవిడా, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఆవిడ భర్త త్రినాథరావూ. ఊరు తెనాలి. తెలంగాణ ఉద్యమం మొదలైనప్పటి నుంచి వీధిలో ఎవరు ఏ మాటన్నా రెండుసార్లు విని గానీ అర్థం చేసుకోవడం లేదు వాళ్ళు. ఈ మాట ఒక్కసారికే అర్థమైపోయింది, అదే వచ్చిన చిక్కు.

త్రినాథరావు మొదట నమ్మలేదు. లెక్కల మాస్టారు కదా, రుజువు కావాలన్నాడు. మధ్యాహ్నానికి ట్యాంకులో నీళ్ళయిపోయాయి. ఆటలో పడి సీతారాములు మోటారు వేయడం మరిచాడు. సాయంత్రం ఆయన భార్య సైదమ్మ దోమలు పోవాలని వాకిట్లో వేపాకు రాజేసింది. పొగంతా తిన్నగా మేడమీదికి వెళ్ళింది. ఏదో మాటవరసకు అన్నారనుకుంటే నిజంగానే పెడుతున్నారేమిటని త్రినాథరావు దగ్గుతూ కిటికీలు మూశాడు. పొమ్మనిపించుకోకముందే పోవడం మర్యాద అనుకుని, మర్నాడు వనస్థలిపురం దాకా నడిచి ఒక ఇల్లు చూసొచ్చాడు. ఖాళీ చేస్తున్నామని కింద చెప్పాడు. కారణం మాత్రం చెప్పలేదు.

సీతారాములు కారణం అడగలేదు, తానే ఊహించుకున్నాడు. తెలంగాణ వాళ్ళ ఇంట్లో ఉండటానికి సారుకు భయం పట్టుకుందన్నమాట. ఇన్నేళ్ళు ఒకరింట్లో ఒకరు తిని, ఇప్పుడు నమ్మకం పోయిందా అని ఆయన మనసు కష్టపడింది. రెండిళ్ళకూ మాటలు బందయ్యాయి. పైన సామాన్లు కడుతుంటే, కింద ఆయన గురి తప్పుతూ వాకిట్లో మళ్ళీ మళ్ళీ చస్తూ కూర్చున్నాడు.

ఆగలేకపోయింది సైదమ్మే. మెట్లెక్కి, గిన్నెలు మూటకడుతున్న సూర్యప్రభ ముందు కూలబడింది.

"మేమేం జేసినం అక్కా? గింత కోపమేంది?"

"పొగపెట్టి మమ్మల్ని వెళ్ళగొడతానని మీ ఆయనేగా అన్నారు. నా చెవులతో విన్నాను," అంది సూర్యప్రభ ఏడుపు ఆపుకుంటూ.

సైదమ్మకు విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక భార్యాభర్తలిద్దరినీ కిందికి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఆ పొగేదో వీళ్ళకు చూపించమని మొగుణ్ణి గదమాయించింది. తెరమీద ఒక డబ్బా దొర్లింది, తెల్లగా పొగ లేచింది. నలుగురు సిపాయిలూ అందులోంచి పరుగెత్తి యథాప్రకారం వాకిట్లో పడ్డారు.

సిగ్గుపడాల్సిన త్రినాథరావు కాస్తా పాఠం అందుకున్నాడు. పొగ లేవగానే కాల్పులు ఆపేస్తున్నారు, తప్పంతా అక్కడే ఉందన్నాడు. ఇద్దరు గోడచాటు నుంచి ఆపకుండా కాలుస్తూ ఉంటే పైవాళ్ళు తలెత్తరు. ఆ సందులోనే మిగతా ఇద్దరూ పెరటి వైపు నుంచి వెళ్ళాలి, సగం దూరంలో ఆగి ఆలోచించకూడదు. అలాగే చేశారు. ఇల్లు చిక్కింది.

గెలిచినా ఎవరూ నవ్వలేదు. సీతారాములు మైకు తీసి పక్కన పెట్టాడు.

"మీరు పోతరంటే నాకు మస్తు బాధైంది సార్."

"నాకూ అంతే. ఒక్కమాట అడగాల్సింది," అని ఒప్పుకుని త్రినాథరావు, "మరి రేపు మీ రాష్ట్రం మీకు వచ్చేస్తే?" అన్నాడు.

"వస్తే రాష్ట్రం మాది. పై ఇల్లు మీది."

మూటలు విప్పేశారు. రాష్ట్రం నిజంగానే వచ్చిన నెలలో సీతారాములు కిరాయి పెంచాడు. త్రినాథరావు గంటసేపు బేరమాడాడు గానీ, ఖాళీ చేస్తానని మాత్రం అనలేదు.