శాంపిల్ అయ్యే భాగ్యం

పాఠం చెప్పని అధ్యాపకులే ఉత్తములు! కోప్పడకండి, ముందు వినండి.

మా ఆయన పోయాక, అరవై దాటిన వయసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. కుప్పంలో ఉండే ప్రమీల మేడం శనివారాలు పుంగనూరులో మా వీధికి వచ్చి నేర్పించారు. ఈ కాలమ్ భరించలేకపోతే ఆమెనే తిట్టండి.

ఆమె ఒక యూనివర్సిటీలో లెక్చరర్. ఏ యూనివర్సిటీయో చెప్పను. అక్కడ ప్రమోషన్‌కు పాఠం లెక్కలోకి రాదట, పరిశోధనే కావాలట. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తారు? మా మీదే పరిశోధన మొదలుపెట్టారు. విద్యార్థులం కాస్తా శాంపిళ్లమైపోయాం! విద్యార్థి తప్పు చేస్తే కూర్చుని దిద్దాలి. శాంపిల్ తప్పు చేస్తే రాసుకుంటే చాలు. ఎంత సుఖం!

మమ్మల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాఠం చెబుతారు, ఇంకో గుంపుకు చెప్పరు. చివర్లో తేడా చూస్తారు. నాది చెప్పే గుంపు. కొత్తగా చేరిన ఎదురింటి అక్కమ్మది చెప్పని గుంపు. బస్సు బోర్డు తానే చదువుకుని కుప్పంలోని కూతురింటికి పోవాలని అక్కమ్మ ఆశ. ఒకసారి కుప్పం బస్సనుకుని వేరేది ఎక్కి మదనపల్లెలో దిగింది.

"నీకు చెప్తారంట, నాకు యాల చెప్పరంట? నేనేం తప్పు సేసినానమ్మా?" అంది.

"నువ్వు కంట్రోల్ గ్రూపక్కా," అన్నాను, అంతా తెలిసినదానిలా.

"కంట్రోలు బియ్యం తెలుసు గానీ, ఈ గ్రూపు యాడిదమ్మా?"

తీరా పరిశోధన పేపరు రాసే హడావుడిలో చెప్పే గుంపుకు కూడా చెప్పడానికి మేడంకు తీరిక దొరకలేదు. రెండు గుంపులూ ఉన్నచోటే ఉన్నాయి. ముసలివాళ్లకు పాఠం చెప్పినా చెప్పకపోయినా ఒకటేనని తేలింది! మదనపల్లె సెమినార్‌లో ఆ సంగతి చదివి, మాకు శాలువాలు కప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. సిగ్గంటారా? శాలువా మంచిది లెండి.

మేడంకు ప్రమోషన్ వచ్చింది. మా తరగతి మూతపడింది.

మొన్న మేడం మళ్లీ వచ్చారు. ముసలివాళ్లు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారన్నది కొత్త పరిశోధన.

"చూపు ఆనకా? మతిమరుపా? ఆసక్తి లేకా?"

"మతిమరుపే మేడం," అన్నాను వినయంగా. గురువును నొప్పించవచ్చా?

అక్కమ్మకు ఆ మర్యాద తెలీదు. "మేం యాడ మానేసినామమ్మా? శనివారమైతే ఈడనే కూసోనుంటాము. నువ్వే గదా రానిది!"

మేడం ఏమీ రాసుకోలేదు. కుప్పం బస్సుకు టైమైందంటూ లేచారు.

అక్కమ్మ గబగబా సంచి తీసుకుని ఆమె వెంటపడింది. బోర్డు చదివి కుప్పం దాకా తోడొచ్చే మనిషి మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో!