వంతెన మూసిన ఏడాది బీమా

ముప్ఫై ఆరేళ్ళు సింగపూర్ ఓడరేవులో క్రేన్ నడిపాను. ఇరవై టన్నుల పెట్టెను అంగుళం తేడా రాకుండా ఓడలోకి దించేవాణ్ణి. మా ఆవిడ ముందు ఒక్క చిన్న అబద్ధాన్ని నిలకడగా దించడం మాత్రం ఈనాటికీ నాకు చేతకాలేదు. ఈ చియా కిమ్ వాట్ గురించి మీకింతకంటే తెలియాల్సింది లేదు.

మా ఆవిడ పేరు గెక్ సిమ్. ఎప్పుడో చైనా నుంచి వచ్చి మలయాలో కలిసిపోయిన మా పెరనకన్ ఇళ్ళలో మగవాణ్ణి బాబా అంటారు. ఆవిడా నన్ను బాబా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో భక్తి ఉందనుకుని మాత్రం మీరు పొరబడకండి.

కరోనా వచ్చిన రెండో ఏడు, జనవరిలో, ఆవిడ ఫిబ్రవరిలో వచ్చే మా చైనా కొత్త సంవత్సరానికి పైనాపిల్ టార్ట్‌లు చుడుతుండగా బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏటా కట్టే ప్రయాణ బీమా, రెన్యూ చేయించుకోమని.

"ఎంతంట?" అంది, పిండి మీంచి తలెత్తకుండా.

"ఏడు వందల ముప్ఫై ఎనిమిది డాలర్లు."

"పోయినేడు నాలుగు వందల పన్నెండేగా. ఎందుకు పెంచారంట?"

"మూడు కారణాలు రాశారు. ఒకటి నా వయసు. రెండు నా గుండెలో వేసిన స్ప్రింగు. మూడు ప్రపంచ పరిస్థితి. మూడింట్లో రెండు నేనే. అంటే మహమ్మారి కంటే నాతోనే ఎక్కువ ప్రమాదమని వాళ్ళ ఉద్దేశం."

"ఆ సంగతి పెళ్ళయిన ఏడే నేను చెప్పాను. అప్పుడు కాగితం మీద రాసివ్వలేదు, అంతే."

నేను కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. "చూడు గెక్ సిమ్. విమానాలు ఎగరట్లేదు. జొహోర్ వంతెన మూసి పది నెలలైంది. ఈ పది నెలల్లో మనం చేసిన దూర ప్రయాణం వంటింట్లోంచి బాల్కనీకి. దానికి ఏడు వందలు పోసి బీమా ఏమిటి?"

"బాల్కనీకి వెళ్తూ కూడా గడప తన్నుకుని పడ్డావు, బాబా."

ఆ తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గొంతులో వేళాకోళం పోయింది.

వంతెన అవతల, మలేషియాలోని మలక్కాలో ఆవిడ చెల్లెలు గెక్ హోంగ్ ఉంది. కిందటి జూలైలో స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరి మనిషి. బస్సెక్కితే నాలుగు గంటల దూరం. వంతెన మూసేశాక ఆ నాలుగు గంటలు చంద్రమండలం అంత దూరమయ్యాయి. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో ముఖాలు చూసుకుని, నువ్వేం తిన్నావంటే నువ్వేం తిన్నావని అడిగేవాళ్ళు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేది.

"వంతెన తెరిచిన రోజే నేను వెళ్ళాలి," అంది. "నిన్నిక్కడ వదిలి పోలేను. బియ్యం డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు నీకు. నువ్వూ రావాలి. ఇప్పుడు బీమా ఆపేశామనుకో, మళ్ళీ తీసుకునేటప్పుడు ఆ గుండెతో మాకు సంబంధం లేదంటారు. అక్కడ నీకేమైనా అయితే ఈ ఇల్లు అమ్మాలి. వెళ్ళి కట్టేసి రా."

అని డబ్బు కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. ఫోన్లో కట్టడం నాకు రాదు మరి.

నిజం చెబుతున్నాను, కట్టాలనే బయల్దేరాను. కానీ మా ఇంటికీ బీమా ఆఫీసుకీ మధ్యలో ఒక పిట్టల దుకాణం ఉంది. ఆ రోజు దాని ముందు వెదురు పంజరంలో తురాయి పిగిలిపిట్ట ఒకటి పాడుతోంది. పది నెలలుగా నేను విన్నది పొరుగింటి టీవీలో రోగుల సంఖ్య మాత్రమే. ఆ పాట వింటుంటే నా గుండెలో స్ప్రింగు కూడా ఊగింది.

"ఎంత?" అన్నాను.

"పంజరంతో కలిపి ఏడు వందలు," అన్నాడు దుకాణదారు ఆంగ్. "పోటీ పిట్ట అంకుల్ ఇది. దీని తండ్రి రెండు కప్పులు గెలిచాడు."

మిగిలిన ముప్ఫై ఎనిమిదికి మేత తీసుకున్నాను. వంతెన ఇప్పట్లో తెరవరు, తెరిచేలోపు ఎలాగో సర్దుతాను అనుకున్నాను. మగవాడు బాగుపడకుండా ఉండేది ఈ 'ఎలాగో' అనే మాటతోనే.

"ఏమిటిది?" అంది మా ఆవిడ గుమ్మంలో.

దారంతా కట్టుకొచ్చిన అబద్ధం దించాను. "కమారుద్దీన్ పిట్ట. పాపం వాడు జొహోర్లో ఇరుక్కుపోయాడుగా. వాడి గదిలో ఉండే కుర్రాడు ఇన్నాళ్ళూ చూశాడు, ఇప్పుడు వాడూ ఖాళీ చేస్తున్నాడట. వచ్చేదాకా మనల్ని ఉంచుకోమన్నాడు."

కమారుద్దీన్ అబద్ధం కాదు. షిప్‌యార్డులో వెల్డరు, నాతో రోజూ కాఫీ తాగేవాడు, సెలవుకి ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. పిట్ట ఒక్కటే అబద్ధం.

"బీమా?"

"అయిపోయింది," అన్నాను. ఒక రకంగా అదీ అబద్ధం కాదు.

దుకాణంలో అంత పాడిన పిట్ట మా ఇంట్లో నోరు విప్పలేదు. అరటిపండు పెట్టాను, బొప్పాయి పెట్టాను, మిడతలు పట్టుకొచ్చాను. పంజరం ముందు నిలబడి నేనే ఈలవేశాను. అది తల పక్కకి తిప్పి, పాపం ఈయనకి పాడటం రాదు అన్నట్టు చూసింది.

వారం తర్వాత దాని రహస్యం తెలిసింది. మా ఆవిడ సాంబాల్ కోసం రోట్లో మిరపకాయలు దంచుతుంటే అది ఒక్కసారిగా గొంతెత్తింది. దంచుడు ఆపితే పాట ఆగింది.

"ఇవాళ సాంబాల్ చేయవా?" అనేవాణ్ణి రోజూ.

"నిన్ననేగా చేశాను. డాక్టరు నిన్ను కారం తగ్గించమన్నాడు."

"చెయ్యి, తిననులే."

ఆవిడ నన్నో చూపు చూసి దంచేది. పిట్ట పాడేది. నాకు కడుపులో మంట, చెవులకి హాయి.

ఇంకో బాధ, కమారుద్దీన్ బాగోగులు. మా ఆవిడకి జాలి ఎక్కువ. "ఫోన్ చేశాడా? పిట్టని అడిగాడా?" అనేది. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఏప్రిల్లో వాడికి జ్వరమన్నాను. జూన్లో కూతురికి పెళ్ళి కుదిర్చాను. ఆగస్టులో ఆ సంబంధం చెడగొట్టాను. ఆవిడ అన్నీ శ్రద్ధగా వినేది. "పాపం, ఎన్ని కష్టాలు," అనేది.

నవంబరులో వంతెన తెరుస్తున్నారన్నారు. టీకాలు వేసుకున్నవాళ్ళు ఫలానా బస్సుల్లో వెళ్ళవచ్చు, టికెట్లు పొద్దున్న ఎనిమిదింటికి. మా ఆవిడ ఏడున్నరకే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఎనిమిదీ నాలుగుకి లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"రెండు దొరికాయి బాబా. శుక్రవారం."

నేను నవ్వాననే అనుకుంటున్నాను.

"పాస్‌పోర్టులు తీశాను. బీమా కాగితం కూడా తీసివ్వు, ఒకే సంచిలో పెడతాను. ఆఁ, ఇంకోటి. వంతెన తెరిచారుగా, కమారుద్దీన్‌ని వచ్చి పిట్టని తీసుకెళ్ళమను."

అది సోమవారం. అంటే నాలుగు రోజుల్లో లేని బీమా తేవాలి, ఉన్న పిట్టని పంపాలి. రెండింటికీ ఒకటే మందు: పిట్టని అమ్మేసి ఆ డబ్బుతో బీమా కట్టడం.

మంగళవారం మా ఆవిడ క్లినిక్‌కి వెళ్ళగానే పంజరం పట్టుకుని ఆంగ్ దుకాణానికి బయల్దేరాను. పాడని పిట్టకి ధర పలకదు. అందుకని రోలు కూడా తీసుకున్నాను. నల్లరాతి రోలు, మా అత్తగారిది, చిన్నపిల్లాడంత బరువు. కూరగాయల తోపుడు సంచిలో పెట్టి లాక్కెళ్ళాను.

"పోటీ పిట్ట అన్నావు," అన్నాను ఆంగ్‌తో. "నిజమే. విను."

దుకాణం ముందు అరుగు మీద రోలు పెట్టి, గుప్పెడు మిరపకాయలేసి దంచడం మొదలుపెట్టాను.

దుకాణంలో ఉన్న ముప్ఫై పిట్టలూ పాడాయి. నాది పాడలేదు.

ఇంకా గట్టిగా దంచాను. కారం లేచి ఆంగ్ మాస్కులోకి వెళ్ళింది. అతను తుమ్మాడు. ఆ రోజుల్లో తుమ్మంటే పిడుగుతో సమానం. దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. ముగ్గురు వెనక్కి దూకారు, పదిమంది ఏమైందో చూద్దామని ముందుకొచ్చారు. ఎర్ర టీషర్టు వేసుకుని మనుషుల మధ్య దూరం చూసే అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అంకుల్, గుంపు కూడకూడదు. ఏం చేస్తున్నారు?"

"సాంబాల్."

"రోడ్డు మీదా?"

"పిట్ట కోసం."

ఆ అమ్మాయి నన్నూ పిట్టనీ మార్చి మార్చి చూసి, "అంకుల్, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఫోన్ చేయమంటారా?" అంది చాలా నెమ్మదిగా, మతి తప్పినవాళ్ళతో మాట్లాడినట్టు. వద్దమ్మా, అది తప్ప ఏదైనా చెయ్యి అన్నాను.

ఆంగ్ కళ్ళు తుడుచుకుంటూ రెండు వందల యాభై ఇచ్చాడు. అదీ నేను వెంటనే అక్కణ్ణించి వెళ్ళిపోతానంటే. నేను మలుపు తిరిగానో లేదో, వెనకాల నా పిట్ట గొంతెత్తి పాడింది.

రోలు లాక్కుంటూ బీమా ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మా ఏజెంటు డెస్మండ్ ఫువా ఉంటాడు. కుర్రాడు మంచివాడే గానీ 'ఒకవేళ' లేకుండా మాట మొదలుపెట్టలేడు. నేను వాణ్ణి ఒకవేళ ఫువా అంటాను.

"కొత్త పాలసీ కావాలి. ఇద్దరికి. శుక్రవారానికి," అన్నాను.

"ఒకవేళ మీరు అక్కడ పడిపోతే, అంకుల్..."

"పడను."

"ఒకవేళ పడితే. ఒకవేళ ఆస్పత్రిలో చేరిస్తే. ఒకవేళ అప్పుడే గుండె..."

"ఎంతవుతుందో చెప్పు నాయనా."

ముందు ఇవి నింపండి అని తొమ్మిది పేజీలిచ్చాడు. నా జబ్బులన్నీ రాశాను. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మా నాన్న దేంతో పోయాడు, తాత దేంతో పోయాడు. తొమ్మిదో పేజీకొచ్చేసరికి నేను శుక్రవారం దాకా ఉంటానా అని నాకే అనుమానమొచ్చింది.

డెస్మండ్ కంప్యూటర్లో కొట్టి చూశాడు. "పదకొండు వందల నలభై. గుండె మినహా."

"గుండె మినహా అంటే?"

"గుండె తప్ప మిగతా మీరంతా బీమాలో ఉంటారు, అంకుల్."

జేబులో రెండు వందల యాభై ఉన్నాయి. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఇరవై నెలలు ఫోన్లో చెల్లెలి ముఖం చూసుకున్న మనిషికి, నా పిట్ట సరదా వల్ల ఈ శుక్రవారం లేదని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. నా గొంతు నాకే వినపడకుండా డెస్మండ్‌కి మొత్తం చెప్పేశాను, కమారుద్దీన్ కూతురి పెళ్ళితో సహా.

వాడు కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. తర్వాత కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు.

"మీకు బీమా ఉంది అంకుల్. ఇద్దరికీ. స్ప్రింగుతో సహా."

"ఎవరు కట్టారు?"

"ఎవరూ కట్టలేదు. గడువు ఇంకో మూడు రోజులుందనగా ఇక్కణ్ణించి గుర్తుచేయడానికి ఫోన్ చేశారు. మీరు లేరు, ఆంటీ తీశారు. ఆ మర్నాటి నుంచి ఆంటీ రోజూ పదింటికి నాకు ఫోన్. కిందటేడు కట్టిన డబ్బుకి మార్చి నుంచి మేం వంతెన దాటింది లేదు, వాడని రోజులు మావి, వెనక్కివ్వండి అని. పదకొండు రోజులు. పై ఆఫీసులో ముగ్గురు ఆఫీసర్లు మారారు. మూడో ఆయన ఆంటీ గొంతు వినగానే సంతకం పెట్టాడు. మీ పాత పాలసీ వంతెన మూసిన రోజు ఆగింది. తెరిచిన రోజు నుంచి మళ్ళీ నడుస్తుంది. పాత ధరకే."

నేను నింపిన కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. "మరి ఈ తొమ్మిది పేజీలు ఎందుకు రాయించావు?" అన్నాను.

డెస్మండ్ సిగ్గుపడ్డాడు. "ఒకవేళ అంకుల్ వస్తే ముందు అవన్నీ నింపించి, ధర చెప్పి, ఆ తర్వాతే తెర చూపించమన్నారు ఆంటీ."

ఇంటికెళ్ళేసరికి ఆవిడ సామాను సర్దుతోంది. నేను రోలు యథాస్థానంలో పెట్టి, రెండు వందల యాభై బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"కమారుద్దీన్ వచ్చి తీసుకెళ్ళాడా పిట్టని?" అంది.

"నీకంతా తెలుసుగా."

"ఫిబ్రవరి నుంచి. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేశాడు. మీ పిట్ట మా ఇంట్లో క్షేమం అన్నాను. ఏ పిట్ట ఆంటీ, నేను పిల్లుల్ని పెంచుతాను అన్నాడు. వాడికి కూతురే లేదు, బాబా. ముగ్గురూ కొడుకులు."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అడగలేదేం?"

"ఎందుకడగాలి? ఫిబ్రవరి నుంచి గిన్నెలు నువ్వే తోముతున్నావు. చేపలు కడుగుతున్నావు. బట్టలు ఆరేసి మడత కూడా పెడుతున్నావు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఒక్కసారి చెయ్యలేదవి. తప్పు చేసిన భయంతో మనిషి ఎంత బుద్ధిగా ఉంటాడో చూస్తున్నాను. ఆ భయం నేనెందుకు పోగొట్టాలి?"

అంటూ డబ్బు తీసుకుని చేతి సంచిలో వేసుకుంది. చెల్లెలికి చేతికర్ర కొనాలట, పట్టు బాగున్నది.

శుక్రవారం సాయంత్రం మలక్కా చేరాం. గెక్ హోంగ్ గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్లో కనపడేదాని కంటే చాలా చిక్కిపోయింది. ఇరవై నెలలుగా రోజూ మాట్లాడుకుని మాటలన్నీ అయిపోయినట్టు, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని అలా నిలబడ్డారు. నేను సంచులు దించి, అవతలి ఇంటి గోడని చాలాసేపు పరీక్షగా చూశాను.

రాత్రి గెక్ హోంగ్ నా కోసం కష్టపడి కోడికూర వండింది. భోజనాలయ్యాక నేను లేచి, ఎవరూ చెప్పకుండానే కంచాలన్నీ తీసి, చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడ్డాను.

గెక్ హోంగ్ నోరు తెరుచుకుని చూసింది. "అక్కా, బావకేమైంది? ఎలా మార్చావు?"

మా ఆవిడ పళ్ళ మధ్య ఇరుక్కున్నది నింపాదిగా తీసుకుంటూ అంది.

"ఏముందే. ఏడాదికోసారి రెన్యూ చేయించాలి, అంతే."