పీర్ సాహెబ్ చానెల్ ఆగిన పూట

ఆ ఉదయం పీర్ సాహెబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసరు వచ్చేలోపు తన లోకల్ చానెల్ ఆపేయాలి, ఆయన వెళ్ళగానే మళ్ళీ వేసుకోవాలి. అంతే.

జువ్వలదిన్నెలో కేబుల్ టీవీ ఆయనదే. దాంతోపాటు సొంత చానెల్ ఒకటి నడుపుతాడు. రేవుకు ఏ పడవ వచ్చింది, వంజరం చేప ఏ ధర పలికింది, ఎవరి మేక తప్పిపోయింది, అన్నీ అందులోనే. దానికీ లైసెన్సు కావాలన్నారు. సరేనని దరఖాస్తు పెట్టాడు. ఈ దేశంలో దరఖాస్తు పెట్టినవాడు ముసలివాడవుతాడు గానీ దరఖాస్తు కదలదు. ఏడాదైనా ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేమో తనిఖీకి వస్తున్నామని ఫోనుకు కబురు! లైసెన్సు లేకుండా నడుపుతున్నందుకు పట్టుకోవడానికే వస్తున్నారని ఆయన తేల్చుకున్నాడు.

"తుఫానప్పుడు పడవలెయ్యొద్దని గొంతు పోయేదాకా చెప్పింది ఎవరు? నేను! ఆ పెద్ద చానెళ్ళోళ్ళు స్టూడియోలో కూర్చోని కొట్లాడుకుంటా ఉన్నారు. వాళ్ళకి లైసెన్సులు, నాకు తనిఖీలా?" అని భార్య మీద ఎగిరాడు.

"నా మీద అరిస్తే లైసెన్సు వస్తాదా? ముందు ఆ కెమెరా దాయండి," అంది మెహబూబున్నీసా.

పీర్ సాహెబ్ ప్రసారం తీగ పీకేశాడు. కెమెరానూ స్పీకర్లనూ మంచం మీద పొడుగ్గా పేర్చి తెల్ల దుప్పటి కప్పాడు. ఫోను ఆపేసి, పైనున్న యాంటెన్నా విప్పడానికి నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాడు.

కొంప మునిగింది ఇక్కడే. ఊళ్ళో ఎవరు పోయినా, ఏ మతం వారైనా, పీర్ సాహెబ్ గౌరవంగా చానెల్ ఆపేస్తాడు. కాసేపటికి తెర మీద పోయినవారి ఫోటో వస్తుంది. కావలిలో స్టూడియో ఉన్న తమ్ముడు షాహుల్ ఆ ఫోటో తయారుచేసి నేరుగా చానెల్ కంప్యూటర్‌కే పంపుతాడు. అందుకని చానెల్ నల్లబడితే ఊరంతా చేతిలో పని వదిలేసి ఫోటో కోసం ఎదురుచూస్తుంది.

ఆ రోజూ చూసింది. ఫోటో రాలేదు. రేవులో చేపల వేలం ఆగిపోయింది.

"ఎంతసేపటికీ ఫోటో రాదేందయ్యా?" అంది చేపలమ్మే సామ్రాజ్యం.

పడవల యజమాని హజరత్తయ్య పీర్ సాహెబ్‌కి ఫోన్ చేశాడు. పలకలేదు. "ఫోటో వేసేవాడే పోతే ఇంకెవరు వేస్తారమ్మే!" అంటూ ఆ వార్త ఫోన్‌లోనే షాహుల్‌కి చెప్పేశాడు.

క్షణాల్లో జనం ఇంటి మీద పడ్డారు. మంచం, దాని మీద తెల్ల దుప్పటి! సామ్రాజ్యం కూలబడి శోకాలు పెట్టింది. "సాహెబన్నా! నా మేక తప్పిపోతే పొద్దుగూకులూ టీవీలో చూపించినావే! ఇప్పుడు నిన్నెవరు చూపిస్తారన్నా!"

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన మెహబూబున్నీసా అసలు సంగతి చెప్పబోయింది. అంతలో మెడలో గుర్తింపు కార్డుతో ఆఫీసరు కిషోర్ బాబు గుమ్మంలోకి వచ్చాడు. జనాన్ని చూసి బూట్లు విప్పి తల దించుకుని నిలబడ్డాడు. దుప్పటి కింద ఉన్నది కెమెరా అని ఆయన ముందు ఎలా చెబుతుంది?

ఏడుపులు విని పీర్ సాహెబ్ మిద్దె దిగొచ్చాడు. "ఎవరు పోయినారు?"

"నువ్వే!" అన్నారందరూ.

ముందుగా తేరుకున్నది హజరత్తయ్య. "బతికుండి చానెల్ ఎందుకు ఆపినావయ్యా? అక్కడ సరుకంతా కుళ్ళిపోతా ఉంది! సిగ్గుండాల!"

"నేనేడ్చిన ఏడుపు వెనక్కిస్తావా?" అని సామ్రాజ్యం లేచింది. "రోజూ పొద్దున్నే వచ్చే చానెల్ సార్ ఇది, ఇట్టా ఊరికే ఏనాడూ ఆగలా!" అని ఆఫీసరుకే ఫిర్యాదు చేసింది.

అయిపోయింది, దొరికిపోయానని పీర్ సాహెబ్ కళ్ళు మూసుకున్నాడు.

"అదేంటండీ, ఆపడమెందుకు?" అన్నాడు కిషోర్ బాబు. "చానెల్ నడుస్తోందని కళ్ళారా చూసి లైసెన్సు ఖాయం చేయడానికే వచ్చాను. నడవకపోతే దరఖాస్తు కొట్టేయాలి."

పీర్ సాహెబ్ ఒక్క ఉదుటున వెళ్ళి తీగ తగిలించాడు. టీవీ వెలిగింది. నల్లటి అంచుల మధ్య పీర్ సాహెబ్ పెళ్ళినాటి ఫోటో, కింద 'కన్నీటి నివాళి'. పాపం షాహుల్, ఏడుస్తూనే పని కానిచ్చాడు.

కిషోర్ బాబు టీవీ వంక చూశాడు. "దరఖాస్తుదారు చనిపోయారని వస్తోందే."

"నేను మీ ఎదురుగ్గానే ఉన్నాను గదా సార్!"

"నేను తనిఖీ చేయాల్సింది చానెల్‌ని, మిమ్మల్ని కాదు. ఈ వార్త నిజమైతే మీకు లైసెన్సు ఇవ్వడం కుదరదు. అబద్ధమైతే తప్పుడు వార్త వేసినందుకు చానెల్‌కే ఇవ్వకూడదు. ఏది రాసుకోమంటారు?"

"బతికున్నోడిని ఏడాది తిప్పినారు, ఇప్పుడు చంపి ఊరుకుంటారా? ఇదేం న్యాయం సార్!" పీర్ సాహెబ్ ఒళ్ళు మండిపోయింది.

మెహబూబున్నీసా కొంగు సవరించుకుని ముందుకొచ్చింది. "నిజమనే రాసుకోండి సార్. పెళ్ళాం పేరు మీద ఇస్తారు గదా?"

"వారసులకైతే వెంటనే ఇస్తామమ్మా," అన్నాడు కిషోర్ బాబు.

అన్నట్టే ఇచ్చారు. చానెల్ దివ్యంగా నడుస్తోంది. తనిఖీ అని కబురొస్తే మాత్రం మెహబూబున్నీసా పీర్ సాహెబ్‌ని మిద్దె ఎక్కించి నిచ్చెన తీసేస్తుంది.