ఫెర్న్‌కు కంచె

బెల్‌హార్న్ కౌంటీ కమిషనర్ బ్రింకర్‌హాఫ్ గారికి ఒక మొక్క మీద దయ కలిగింది.

"మన కొలరాడో కొండల్లో, పన్నెండు వేల అడుగుల ఎత్తున, మంచు కింద దిక్కులేకుండా పడివున్న అరుదైన ఫెర్న్‌ను మే నెలాఖరుకల్లా ప్రజలకు అంకితం చేస్తాను!" అని కోర్టుహౌస్ మెట్ల మీద ప్రకటించారు. జూన్‌లో తాను పోటీచేసే ప్రైమరీ ఎన్నికలున్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తులేదనే మనం అనుకోవాలి.

ఆ ఫెర్న్ కౌంటీ మొత్తానికి ఒక్కచోటే ఉంది. కనుమ దారికి ఉత్తరాన, రాళ్లగుంటలో. దాన్ని మొదట చూసింది మంచు తీసే బండి నడిపే వెర్లిన్ స్టోకీ భార్య లియోటా. ఏటా ఆగస్టులో శాండ్‌విచ్ పట్టుకెళ్లి దాని పక్కన కూర్చునేది. ఆమె పోయాక వెర్లిన్ కూర్చుంటున్నాడు.

మంచు తీయమని ఆర్డరు అతనికే వచ్చింది.

"అది మంచు కింద నిద్రపోతుందండీ. ఇప్పుడు దుప్పటి లాగేస్తే చలికి చస్తుంది. ఆగస్టు దాకా ఆగండి."

"ఆగస్టులో ఓట్లుంటాయా వెర్లిన్?"

"ఉండవండీ."

"మరి? అంత నిద్ర మా ఆఫీసులో కూడా ఎవరూ పోరు. లేపెయ్."

వెర్లిన్ లేపాడు. కాకపోతే దారికి దక్షిణాన ఉన్న వేరే గుంటను. ఆరడుగుల మంచు తీసేస్తే నిరుటి కలుపుమొక్క ఎండుకాడలు నాలుగు బయటపడ్డాయి.

కమిషనర్ గారు కొత్త బూట్లతో వచ్చి మోకరిల్లారు. కాడను నిమిరారు. కళ్లు తుడుచుకున్నారు.

"ఇదే! చిన్నప్పుడు మా అమ్మమ్మ చూపించేది. లక్ష మొక్కల్లో కలిపినా గుర్తుపడతాను."

ఫొటోలు తీశారు. ఇనుప కంచె వేశారు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది వెర్లినే.

అంతటితో ఆగితే ఆయన నాయకుడెందుకవుతారు?

"దీన్ని చూడ్డానికి జనం వస్తారు. కార్లెక్కడ పెడతారు?" అంటూ చుట్టూ చూసి ఉత్తరానికి చెయ్యి చాపారు. "ఆ రాళ్లగుంట ఖాళీగానే ఉందిగా! సోమవారం చదును చేయించండి."

వెర్లిన్ టోపీ తీసి ముందుకొచ్చాడు.

"కమిషనర్ గారూ, తప్పు నాది. అబద్ధమాడాను. అసలు ఫెర్న్ అక్కడుంది. ఇది ఉత్త కలుపు."

కమిషనర్ గారు నవ్వి అతని భుజం తట్టారు.

"అంటే మా అమ్మమ్మకు కలుపేదో ఫెర్న్ ఏదో తెలీదంటావా?"

"అది కాదండీ, నేను..."

"పెద్దావిడ పోయి ఇరవయ్యేళ్లయింది వెర్లిన్. ఆమె జోలికి రాకు."

జనానికి కోపమొచ్చింది. నలుగురు పట్టుకుని వెర్లిన్‌ను వెనక్కి లాగారు.

సోమవారం బుల్డోజర్ వచ్చింది. నేను నడపనని వెర్లిన్ అన్నాడు గనక పక్క కౌంటీ మనిషి నడిపాడు. మధ్యాహ్నానికల్లా పనయిపోయింది.

అక్కడ మొదటి కారు పెట్టింది కమిషనర్ గారే. దిగి, దారి దాటి, కంచె ముందు టోపీ తీసి నిలబడ్డారు.