ఖుద్దూస్ మాస్టర్ ఏకయూనిట్ విజయము

గోడకు వ్రేలాడుచు, రేయింబవళ్ళు ఎఱ్ఱకన్ను ఆర్పుచు, గృహస్థుల ప్రతి పాపమును అంకెలలో వ్రాసికొనుచుండు ఓ మీటరు దేవా! ముందుగా నీకు మ్రొక్కుచున్నాను. నా కథ ముగియువఱకు సరఫరా నిలుపకుము.

చెఱకుతోటలు పచ్చని కోటగోడలవలె చుట్టును నిలిచిన బోధను పట్టణమున, ఎండకాలము నడినెత్తికెక్కిన దినములలో, మార్తాండుడు నలువదినాలుగు డిగ్రీల ప్రతాపముతో రేకులను, రాళ్ళను, రహదారులను భేదము పాటింపక కాల్చుచుండగా, కుక్కలు లారీల క్రిందను మనుష్యులు తలుపుల వెనుకను తలదాచుకొనియుండగా, బజారు వెనుక గల్లీలో ఒక మహాయుద్ధము జరిగెను. చరిత్రకారులు దానిని గుర్తింపలేదు. వారికి ఆ వేళ కునుకు పట్టియుండును.

ఆ యుద్ధమునకు నాయకుడు దర్జీకులతిలకుడు, సూచీధరుడు, కర్తరీపాణి, ముప్పదియేండ్లుగా ముడుతపడిన షేర్వానీని గడపదాటనీయని ఖుద్దూస్ మాస్టర్. ఆయనకు మఱియొక బిరుదును గలదు: దీపనిర్వాపక చక్రవర్తి. మనుష్యులు భోజనము చేయుచుండగనే దీపమార్పుట ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. రాత్రియైనచో ఫ్రిజ్జును సైతము ఆర్పి, "దానికి గూడ ఆరాం కావాలె గదా" అనుచుండును. ఇక కూలరు మాట చెప్పనే అక్కఱలేదు. అది పది నిమిషములు తిరిగెనో లేదో, "గడ్డి తడిసింది, చాలు" అని దాని గొంతు నులుముచుండును.

ఆయన ధర్మపత్ని మెహరున్నిసా, సహనమున భూదేవికి తోబుట్టువు. పదునొకండు ఎండకాలములు విసనకఱ్ఱతో గడపి, ఈ యేడు భర్తనుండి ఒక ప్రతిజ్ఞ గుంజుకొన్నది. "ఇంటి మీద సోలార్ పడ్డనాడు కూలర్ స్విచ్చు ముట్ట. జబాన్ ఇస్తున్న" అని ఆయన పలికెను. పలికిన పిమ్మట కొంత కంగారుపడెను గాని, ఇచ్చిన మాట ఇచ్చినదే.

అంతట నిజామాబాదునుండి సోలారు బిగించు రవీందర్ ఫోను చేసి యిట్లు పలికెను: "సాబ్, ఏడాది కరెంటు చీటీలు తీసి పెట్టుండ్రి. ఎన్ని యూనిట్లు వాడుతున్నరో చూసి ఎన్ని ప్లేట్లు కావాల్నో చెప్త. రేపు లెక్క కాకుంటె మళ్ల మీ గల్లీకి వానలు పోయినంకనే."

వానలు పోయిన పిమ్మట కూలరు దేనికి? మెహరున్నిసా చీటీలకై భర్తను తొందరపెట్టెను.

మఱునాటి ఉదయమున మాస్టర్, ఇంటిముందఱి దుకాణమున తీగకు గ్రుచ్చియుంచిన పన్నెండు చీటీలను దింపి చూచెను. అవి యెండకు చుట్టలు చుట్టుకొని, నలిగి, పరమదీనముగా ఉండెను. అతిథి యెదుట నలిగిన వస్తువు నుంచుటయా! ముప్పదియేండ్ల కీర్తి యేమి కావలెను? వెంటనే ఆ ధీరుడు బల్లపై పన్నెండింటిని వరుసగా పఱచి, సిల్కునకు పఱచునట్లు పైన తడిగుడ్డ కప్పి, యూనిట్లు కాలని తన బొగ్గుల ఇస్త్రీపెట్టెను వజ్రాయుధమువలె ఎత్తి, బిస్మిల్లా యని, ఈ చివరనుండి ఆ చివరవఱకు నిష్కళంకముగా రుద్దెను.

గుడ్డ తీసెను. ముడుత యొక్కటియు లేదు. అక్షరమును ఒక్కటియు లేదు. పన్నెండు చీటీలును అమావాస్యవలె నల్లనై నిగనిగలాడుచుండెను. వేడి తగిలినచో నల్లబడుట ఆ కాగితము స్వభావమని ఆ మహావీరునికి ఎవరు చెప్పవలెను?

"యా అల్లా! ఏం చేసిండ్రు జీ?" అని మెహరున్నిసా నెత్తి పట్టుకొనెను.

"ఇస్త్రీ చేసిన" అని మాస్టర్ మెల్లగా నుడివెను.

రవీందర్ వచ్చి ఆ నల్లని చీటీలను చూచి, నవ్వు ఆపుకొనలేక దగ్గెను. పిదప మీటరు పెట్టెపై రంగుతో వ్రాసియున్న నంబరును ఫోనులో కొట్టగా, ఏడాది లెక్క యంతయు క్షణములో ప్రత్యక్షమయ్యెను. దంపతులు ఊపిరి పీల్చుకొనిరి. కాని రవీందర్ కనుబొమలు ముడివడెను.

"ఇంట్ల ఫ్రిజ్, కూలర్, కుట్టు మిషన్‌కు మోటర్. మే నెలల అరవై ఒక్క యూనిట్లేనా? సాబ్, గుస్సా కాకుండ్రి. తీగకు కొండి గిట్ల ఏస్తుండ్రా?"

దొంగకరెంటు! ఆ మాట చెవిని పడినంతనే మాస్టర్ మీసములు నిక్కబొడుచుకొనెను. కత్తెర చేతబూని, మెడలో కొలత టేపు విజయమాలవలె వ్రేలాడుచుండగా, ఆయన గర్జించెను:

"కొండి! నా ఇంట్ల కొండి! సునో రవీందర్! ఎంతమంది పెండ్లికొడుకులకు బట్టలు కుట్టిన, జానెడు గుడ్డ మిగుల్చుకోలే! ఒక్క గుండీ దాచుకోలే! గసుంటి ఖుద్దూస్ మీద దొంగతనమా? ఎక్కు, మిద్దె మీదికెక్కు! తీగ తీగ పట్టి చూడు! ఒక్క కొండి దొరికిందా, ఈ కత్తెర నీ చేతుల పెట్టి దుకాన్ బంద్ చేస్త!"

గల్లీ దద్దఱిల్లెను. అప్పుడు పరదా వెనుకనుండి శాంతగంభీరముగా ఒక కంఠము వినవచ్చెను.

"కొండి లేదు అన్నా. మా ఈయన ఉన్నడు. గంతే."

ఇరువురును అటు తిరిగిరి.

"నేను కూలర్ ఏస్త, ఈయన బంద్ చేస్తడు. ఫ్యాన్ ఏస్త, కిడికీల గాలి మస్తుగున్నదంటడు. పదకొండు ఎండకాలాలు గిదే కత. నీ ఫోన్ల అరవై ఒక్కటి ఉన్నది చూడు, గది కరెంటు లెక్క కాదు అన్నా. నా ఇసనకర్ర లెక్క."

మాస్టర్ చేతిలోని కత్తెర తనంతట తానే దిగిపోయెను. శత్రువులు వేయి బాణములు వేసినను చలింపని ఆ వీరునికి ఈ యొక్క మాట సూటిగా గుండెలో దిగెను. ఆయనకు సిగ్గు వేసెను. దాచుటెందులకు, చాల సిగ్గు వేసెను.

రవీందర్ గొంతు సవరించుకొని, "గీ లెక్కకు ఒక్క ప్లేటు చాలు. గని ఒక్క ప్లేటు పెడితే మళ్ల స్విచ్చు కాడ మీ లొల్లి తప్పదు. అసలు లెక్క కావాలె సాబ్. ఇప్పుడు ఒంటిగంట. మీటర్ల అంకె రాసుకున్న. పక్క గల్లీల ఇంకో ఇల్లు చూసి మూడింటికి వస్త. గప్పటిదాంక అక్క ఇష్టం. మీరు మాత్రం స్విచ్చు ముట్టద్దు" అని వెడలిపోయెను.

మెహరున్నిసా కూలరు వేసెను. ఫ్యాను వేసెను. ఫ్రిజ్జు తలుపు ఒకసారి తెఱచి, ఊరకనే చూచి, మూసెను. పిదప కూలరు ముందఱ చాప వాల్చెను.

ఇక ఆరంభమయ్యెను ఘోరసంగ్రామము! ఒకవైపు, గోడపై కొనవ్రేలంత స్విచ్చు. మఱొకవైపు, దాని యెదుట కుర్చీపై కూర్చున్న ఖుద్దూస్ మాస్టర్. పది నిమిషములు గడచెను. అలవాటుపడిన ఆ కుడిచేయి, యజమాని యాజ్ఞ లేకయే, పడగవిప్పి లేచెను. ఎడమచేయి దానిని పట్టి దించెను. ఇరువది నిమిషములకు మరల లేచెను. కూలరు గడ్డి తడిసి నీరు కాఱుచుండెను. "గడ్డి తడిసింది" అని నోటిదాక వచ్చిన మాటను మాస్టర్ మ్రింగెను. నుదుట చెమటలు గ్రమ్మెను, అంత చల్లని గాలిలో! కడకు ఆ మహానుభావుడు మెడలోని కొలత టేపును తీసి, తన కుడిచేతిని తానే కుర్చీచేతికి మూడు చుట్లు చుట్టి, పండ్లతో ముడివేసికొనెను.

అప్పుడు ఆయన చాపవైపు చూచెను. మెహరున్నిసా నిద్రించుచుండెను. ఓఢనీ అంచు గాలికి మెల్లగా కదలుచుండెను. విసనకఱ్ఱ గోడప్రక్కన పడియుండెను. పట్టపగలు ఆమె నిద్రించుట పెండ్లియైన పిమ్మట ఆయన ఎప్పుడు చూచెనో, ఎంత ఆలోచించినను జ్ఞాపకము రాలేదు.

ఆ పిమ్మట చేయి లేవలేదు.

మూడు గంటలకు రవీందర్ వచ్చి, "సాబ్!" అని కేక వేయబోగా, మాస్టర్ ఎడమచేతి వ్రేలు పెదవులపై నుంచి, "ష్... మెల్లగ" అనెను. రవీందర్ మీటరు చూచి గుసగుసలాడెను: "ఒక్క యూనిట్ తిరిగింది సాబ్. దినమంత గిట్లనే నడిస్తే మూడు ప్లేట్లు పడ్తయి."

"మూడే రాయి."

రవీందర్ వ్రాసికొని, టేపు ముడి విప్పి, ఆయన చేతిని విడిపించెను. పిదప, "లెక్క అయిపోయింది గద సాబ్. కూలర్ బంద్ చెయ్యాల్నా?" అని స్విచ్చువైపు చేయి చాచెను.

కావున, ఓ జనులారా, వినుడు! బోధను పట్టణమున, బజారు వెనుక గల్లీలో, ఖుద్దూస్ మాస్టర్ తన కుడిచేతిని తానే జయించి, ఒక యూనిట్ కరెంటును, సంపూర్ణముగా, నిస్సంకోచముగా, కాలనిచ్చెను. ఇంటిమీద ప్లేటు ఒక్కటియు ఇంకను పడలేదు. ప్రతిజ్ఞ ఇంకను మొదలు కాలేదు. అయినను విడివడిన ఆ కుడిచేయి లేచి, స్విచ్చునకును రవీందర్‌కును నడుమ అడ్డముగా నిలిచెను.

"ఉండనియ్" అనెను మాస్టర్.